దాన్ని బార్ అనకండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఈమధ్య మీ పత్రిక లోపలి పేజీలో ఒక చిన్న వార్త వేశారు. ఇంగ్లండు పల్లెల్లో పబ్బులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయని. వార్త నిజమే. కాని పైన శీర్షికలో 'బార్లు' అని పెట్టారు. పక్కన వేసిన ఫొటోలో ఊదారంగు దీపాల కింద కుర్రకారు చిందులేస్తున్నారు. వారం తిరక్కుండానే ఒక పాఠకుడు 'తాగుడు కొట్లు మూతపడితే మంచిదే కదా, దానికి ఏడుపెందుకు' అని ఉత్తరం రాశారు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆ ఫొటో ఒక్కటే చూసి ఉంటే నేనూ అదే రాసేవాణ్ణి.

ముందుగా నా సంగతి చెప్పుకోవాలి. నాకు 69 ఏళ్లు. ఇంతవరకు మద్యం చుక్క నోట పెట్టలేదు, ఇకముందు పెట్టే ఉద్దేశమూ లేదు. 34 ఏళ్లు ప్రభుత్వ భవనాలకు నక్షలు గీసి రిటైరయ్యాను. మా తాత వడ్రంగి. ఆయన పక్కన కూర్చుని కర్ర వాసన పీల్చి పెరిగినవాణ్ణి కాబట్టి, ఏ పాత కట్టడంలోకి అడుగుపెట్టినా నా చూపు ముందు పైకప్పు మీదికే పోతుంది. ఆరునెలలుగా బర్మింగ్‌హామ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాం. మార్చిలో ఒక ఆదివారం అల్లుడుగారు "మామయ్యగారూ, మీకు నచ్చే చోటొకటి ఉంది, రండి" అని కారెక్కించారు. ఎక్కడికో ముందే చెబితే రానని ఆయనకు తెలుసు.

వూస్టర్‌షైర్‌లో ఈవ్‌షామ్ పట్నానికి దగ్గర్లో బ్రెట్‌ఫోర్టన్ అనే పల్లె. చుట్టూ కూరగాయల మడులు, తోటలు. ఊరి మధ్య ఒక ఇల్లు. బయట వేలాడే బోర్డు మీద 'ది ఫ్లీస్ ఇన్' అని పేరు. పబ్బన్నమాట. ఫ్లీస్ అంటే గొర్రె ఒంటి మీంచి ఒకే ముక్కగా కత్తిరించి తీసిన ఉన్ని. ఇక్కడికి దగ్గరలోనే కాట్స్‌వోల్డ్ కొండలు. ఒకప్పుడు అక్కడి వ్యాపారులు ఉన్ని డబ్బుతో పెద్దపెద్ద చర్చిలు కట్టించారు. లండన్‌లో ప్రభువుల సభ అధ్యక్షపీఠం నేటికీ ఉన్ని కూరిన దిండే. అలాంటి దేశంలో పల్లెటూరి ఇంటికి ఉన్ని పేరు పెట్టుకోవడంలో వింతేమీ లేదు. చదువు రానివాళ్లకు కూడా ఫలానా చోటని తెలియాలి కనుక, అక్షరజ్ఞానం పెద్దగా లేని కాలంలో ఇలా ఒక బొమ్మ వేలాడదీసేవారు.

కారు దిగుతూనే మొహం ముడుచుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. గుమ్మం దగ్గర తల వంచుకుని లోపలికి వెళ్లి, పైకి చూసి, అలాగే నిలబడిపోయాను. వెనక వచ్చేవాళ్లకు అడ్డమని అమ్మాయి చెయ్యి పట్టుకుని పక్కకు లాగాల్సి వచ్చింది.

అది బార్ కాదండీ. ఇల్లు. రైతు ఇల్లు. 15వ శతాబ్దంలో బర్డ్ అనే వ్యవసాయ కుటుంబం కట్టుకున్నది. ఈ తరహా ఇంటిని ఇక్కడ లాంగ్‌హౌస్ అంటారు. పొడుగాటి ఒకే కప్పు కింద ఒక చివర మనుషులు, రెండో చివర పశువులు, నడుమ అటూ ఇటూ దాటే నడవ. మా చిన్నతనంలో మా వీధిలో సావిడికీ ఇంటికీ మధ్య ఒక గోడే అడ్డం. రాత్రి గేదె మెడ విదిలిస్తే గంట చప్పుడు మంచం మీదికి వినిపించేది. అందుకని ఆ నడవ ఎందుకో నాకెవరూ వివరించక్కర్లేదు.

ఇక కర్రపని. ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి, ఇది నా బలహీనత. ఇంగ్లండులో ఆ కాలపు ఇళ్లలో ఇంటి బరువంతా ఓక్ దుంగల చట్రం మోస్తుంది, గోడలు మోయవు. గోడ కేవలం చట్రం సందుల్ని పూడ్చే పరదా. దుంగల్ని పచ్చిగా ఉండగానే, అంటే నరికిన కొద్దికాలానికే, చెక్కి బిగించేవారు. మా తాతయితే పచ్చికర్ర తెచ్చినవాణ్ణి తిట్టి పంపేవాడు. టేకుతో తలుపులు చేసేవాడి లెక్క అది. ఓక్ సంగతి వేరు. ఎండితే అది ఇనుములా గట్టిపడి ఉలికి లొంగదు. అందుకే మెత్తగా ఉన్నప్పుడే పని కానిచ్చేవారు. ఒక దుంగ కొసను సన్నగా చెక్కి, మరో దుంగకు తొలిచిన గాడిలో దించి, అడ్డంగా ఓక్ చీల కొట్టేవారు. మేకన్నది లేదు. చీల రంధ్రాలు రెండింటినీ కావాలనే వెంట్రుకవాసి ఎడంగా తొలిచేవారు. చీల దిగుతున్నకొద్దీ అతుకు దానంతటదే దగ్గరికి లాక్కుంటుంది. తరవాత ఏళ్లు గడిచేకొద్దీ కర్ర ఎండి, మెలి తిరిగి, ఇంకా బిగుసుకుంటుంది. ఈ ఇళ్లలో ఒక్క దూలమూ తిన్నగా ఉండదు, నేల మట్టంగా ఉండదు, అయినా వందల ఏళ్లుగా నిలబడి ఉన్నాయంటే కారణం ఇదే. వంకర వచ్చింది పాడవడం వల్ల కాదు, కుదురుకోవడం వల్ల.

ఆ చట్రాన్ని ముందు నేలమీదే పరిచి అతికి, సరిచూసి, మళ్లీ విప్పి, నిలబెట్టే చోటికి తీసుకెళ్లేవారు. ఏ దుంగ ఏ దుంగకు జతో మరిచిపోకుండా అతుకుల దగ్గర రోమన్ అంకెలు గీసుకునేవారు. ఉలితో గీసేవాడికి ఒకటి, అయిదు, పది అన్నీ గీతలే కనుక రోమన్ అంకె సుఖం. దూలాల మీద చెయ్యి పెట్టి తడుముతుంటే మా ఆవిడ "ఏమండీ, వాళ్లేమైనా అనుకుంటారు" అంది. గల్లా దగ్గరున్న అమ్మాయి మాత్రం నవ్వి ఊరుకుంది. నాలాంటివాళ్లు ఆమెకు కొత్త కాదనుకుంటాను.

చట్రం సందుల్లో ఏముందంటారా? మన తడిక. చీల్చిన పుల్లలు అల్లి, రెండు వైపులా మట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తి, పైన సున్నం పూయడం ఇక్కడి పాత పద్ధతి. కోనసీమలో పూరింటి గోడ కట్టే మనిషిని తెచ్చి చూపిస్తే వంక పెట్టకుండా ఒప్పుకుంటాడు. ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో ఉండగా ఒక పాత విడిది బంగళా మరమ్మతుకు అంచనా తయారుచేశాను. గానుగ సున్నంతో కట్టిన గోడలు. పెచ్చులూడిన పూత తీసేసి సిమెంటు పూయాలని నేనే రాశాను, నేనే గీశాను. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడలు చెమటలు పట్టి, తలుపు చట్రాలు అడుగునుంచి పుచ్చిపోయాయి. సున్నం తడిని పీల్చి వదిలేస్తుంది, సిమెంటు లోపలే బిగించి ఉంచుతుంది. ఈ దేశంలో ఓక్ ఇళ్లు బాగుచేసేవాళ్లు సిమెంటు పేరెత్తితే ఎందుకు ఉలిక్కిపడతారో నాకు ఆ బంగళా నేర్పింది, ఆలస్యంగా.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. పబ్ అనేది 'పబ్లిక్ హౌస్' అన్న మాటకు పొట్టిరూపం. ఇందులో హౌస్ అలంకారం కోసం చేర్చింది కాదు. మధ్యయుగాల ఇంగ్లండులో ఏల్ అనే బార్లీ పానీయాన్ని ఇళ్లలోనే కాచేవారు, కాచేది ఎక్కువగా ఆడవాళ్లు. ఇంటికి సరిపోగా మిగిలింది అమ్మేవారు. కొత్త కాపు తయారైందని తెలియడానికి గుమ్మం ముందు ఒక కర్రకు ఆకుల గుత్తి కట్టి నిలబెట్టేవారు. ఊరివాళ్లు వచ్చి ఆ ఇంటి పొయ్యి దగ్గరే కూర్చుని తాగేవారు. 13వ శతాబ్దంలోనే రొట్టె ధరను, ఏల్ ధరను ధాన్యం ధరకు ముడిపెడుతూ శాసనం వచ్చింది. రుచి చూసి నాణ్యత తేల్చడానికి ఊరికో మనిషి కూడా ఉండేవాడు. (ఆ ఉద్యోగానికి పోటీ ఎంత ఉండేదో ఊహించగలను.) 1552లో లైసెన్సు తప్పనిసరి చేశారు. న్యాయాధికారులు ఇస్తేనే అమ్మాలి. చివరికి 1830లో మరో చట్టం తెచ్చి, పన్ను కట్టే గృహస్థు ఎవరైనా రెండు గినీలు చెల్లిస్తే సొంత ఇంట్లో బీరు అమ్ముకోవచ్చన్నారు. జిన్ అనే ఘాటు సారా నుంచి జనాన్ని బీరు వైపు మళ్లించవచ్చని ఒక ఆశ, పెద్ద బట్టీదార్ల గుత్తాధిపత్యం తగ్గుతుందని మరో ఆశ. దాంతో దేశమంతటా వేలకొద్దీ ఇళ్ల ముందుగదులు పబ్బులయ్యాయి. బ్రెట్‌ఫోర్టన్‌లోని బర్డ్ వంశస్థుల రైతు ఇల్లు 1848లో పబ్బయింది. అంటే ఆ ఇంటి ఆయుర్దాయంలో ఎక్కువ భాగం అది మామూలు కాపురమే. తరవాత కూడా కాపురం ఆగలేదు, వచ్చేపోయేవాళ్లు పెరిగారంతే.

అందుకే అక్కడ హాలు లాంటిది కనిపించదు. చిన్నచిన్న గదులు, గదికో పేరు, గదికో పొయ్యి. ఒకదాన్ని బ్రూహౌస్ అంటారు, అంటే కాపుగది. ఇంకోదానికి ప్యూటర్ గది అని పేరు. ప్యూటర్ అంటే తగరం ఎక్కువగా ఉండే మిశ్రలోహం. ఆ గదిలో పాతకాలపు ప్యూటర్ పళ్లేలు, గిన్నెలు వరసగా పేర్చి ఉన్నాయి. 1651లో వూస్టర్ యుద్ధానికి పోతూ, రాజు మీద తిరగబడ్డ పక్షం సేనాని క్రామ్‌వెల్ తన సైనికుల జీతాలకు బంగారం తీసుకుని బదులుగా వీటిని ఇచ్చాడని ఊళ్లో కథ చెబుతారు. కథ కథే. ఏ పాత ఇంటికైనా ఇలాంటి పెద్దవాళ్ల కథ ఒకటి ఉండాల్సిందే. మనకు రామలక్ష్మణులు నిద్రచేసిన గుట్టలు ఎన్ని లేవు! ఆ యుద్ధంలోనే ఓడిన రాజు రెండో చార్లెస్ ఒక ఓక్ చెట్టెక్కి దాక్కున్నందుకు దేశంలో కొన్ని వందల పబ్బులకు 'రాయల్ ఓక్' అని పేరు.

పొయ్యి గురించి చెప్పకపోతే ఉత్తరం రాసిన ఫలం ఉండదు. మనుషులు లోపలికి వెళ్లి కూర్చునేంత పెద్దది. మొదట్లో ఇలాంటి ఇళ్లలో పొగగొట్టాలు ఉండేవి కావు. గది నడుమ నిప్పు వేసుకుంటే పొగ కప్పు సందుల్లోంచి పోయేది. పొగగొట్టం తరవాత వచ్చింది. దానితోపాటు ఒక భయం కూడా వచ్చింది. మంత్రగత్తెలు ఆ గొట్టంలోంచి ఇంట్లోకి దిగుతారని! అందుకని ఫ్లీస్‌లో పొయ్యి ముందు నేల మీద తెల్లగా వలయాలు గీస్తారు. వాటిని దాటి దుష్టశక్తి రాలేదని నమ్మకం. ఇప్పటికీ ఆ గీతలు చెరగనివ్వడం లేదు. మా ఆవిడ అంతసేపూ శాలువా కప్పుకుని, ఈ గుడిసెలో ఏముందని ఇంతగా చూస్తున్నారన్నట్టు కూర్చుంది. వలయాల సంగతి అమ్మాయి చెప్పగానే లేచి వెళ్లి వంగి చూసి, "ముగ్గే కదా ఇది! గుమ్మం ముందు వేసుకోవలసింది పొయ్యి ముందు వేసుకున్నారు" అని తీర్పు చెప్పింది. ఆ తరవాత ఆమెకు ఆ ఇంటి మీద ఎలాంటి అనుమానమూ మిగల్లేదు.

ఆ ఇంటి చివరి యజమానురాలు లోలా టాప్లిన్. బర్డ్ కుటుంబపు వారసురాలు. ఆ ఇంట్లోనే పెరిగి, చాలా ఏళ్లు ఒంటిచేత్తో పబ్బు నడిపి, 1977లో కన్నుమూసింది. పోతూ ఇంటిని సామానుతో సహా, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు రాసిచ్చింది. ఈ ట్రస్టు 1895లో పుట్టింది. మరుసటి ఏడాది ఆల్‌ఫ్రిస్టన్ అనే పల్లెలో గడ్డికప్పు ఇల్లొకటి పది పౌన్లకు కొనడంతో దాని భవనాల లెక్క మొదలైంది. లోలాగారి షరతు ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా, పబ్బుగానే ఉండాలని. మ్యూజియం చేసి, తాడు కట్టి, 'తాకరాదు' అని బోర్డు పెట్టలేదు. ఆమె కూర్చున్న గదుల్లోనే ఇవాళ నాలాంటివాళ్లు కూర్చుంటున్నారు. ఆమెకు ఆలూ చిప్సంటే గిట్టేది కాదట, అవి అమ్మకూడదని కూడా చెప్పి పోయిందని అంటారు. మా మనవరాలు వెళ్లీ వెళ్లగానే అడిగింది అవే. గల్లా దగ్గరి అమ్మాయి "ఈ ఇంట్లో దొరకవమ్మా" అంది. చూశారా, ఆ అమ్మాయి నోట కూడా వచ్చిన మాట 'ఇల్లు'.

నేను తాగింది ఆపిల్ రసం, అదీ ఈ తోటల పళ్లదే అన్నారు. ఎదురుగా ఒక ముసలాయన బీరు పోయించుకుంటుంటే గల్లా మీది పిడిని లాగడం చూశాను. అడుగున చల్లని నేలగదిలో పీపా, దాన్నుంచి గొట్టం, పైన పిడి. లాగితే పీల్చుకుని పైకి వస్తుంది. మన వీధి బోరింగే! దీనికి 1797లోనే జోసెఫ్ బ్రామా అనే మేస్త్రి పేటెంటు తీసుకున్నాడని అల్లుడుగారు ఫోనులో చూసి చెప్పారు. ఆ ముసలాయన గ్లాసెడు బీరు ముందు పెట్టుకుని గంటన్నర కూర్చున్నాడు. పక్కబల్ల మీద ఒకామె అల్లికపని చేసుకుంటోంది. ఆమె కుక్క నా చెప్పుల మీద తల పెట్టి పడుకుంది. పాటలు లేవు. టీవీ నా కంటబడలేదు. మీ ఫొటోలోని ఊదారంగు దీపాలు అసలే లేవు.

మే నెలాఖరున మళ్లీ వెళ్లాం, ఈసారి నేనే అడిగి. ఈవ్‌షామ్ లోయ ఆస్పరాగస్‌కు పేరు. మన పిల్లిపీచరకు దగ్గరి చుట్టం, దీనిలో లేత మొలకలు కోసుకుని తింటారు. ఏప్రిల్ 23 మొదలు జూన్ నడుమదాటే దాకా దాని కాలం. మే నెలాఖరు ఆదివారం నాడు ఫ్లీస్ పెరట్లో ఆ మొలకల కట్టలను వేలం వేస్తారు. వచ్చిన డబ్బు ఊరి బ్యాండు మేళానికి. ఇక్కడివాళ్లు వాటిని ముద్దుగా 'గ్రాస్' అంటారు. కట్టలకు ధర అసలు విలువకు ఎన్నో రెట్లు పలుకుతుంటే, నాకు బాలాపూర్ లడ్డు కళ్ల ముందు కదిలింది. పాడినవాడి మొహంలో అదే గర్వం, చుట్టూ ఉన్నవాళ్లు చేసే గోల కూడా అదే.

మీ పాఠకులొకరు మూతపడితే ఏమైందని అడిగారు కదా. రెండు సంగతులు చెబుతాను. 2004 ఫిబ్రవరిలో ఫ్లీస్ గడ్డికప్పుకు నిప్పంటుకుంది. కప్పు పోయింది, పై అంతస్తులో చాలా భాగం పోయింది. తిరిగి కట్టి, 2005లో తలుపులు తెరిచారు. మేం కూర్చున్నది ఆ కట్టిన కప్పు కిందే. ఇక రెండోది. బర్మింగ్‌హామ్‌కు పశ్చిమాన, హిమ్లీ దగ్గర, 'క్రూకెడ్ హౌస్' అనే పబ్బుండేది. అదీ రైతు ఇల్లే, 1765లో కట్టింది. అడుగున బొగ్గు తవ్వడం వల్ల నేల కుంగి ఇల్లు ఒక పక్కకు ఒరిగిపోయింది. బల్ల మీద గోళీ పెడితే ఎత్తుకు దొర్లుతున్నట్టు కనిపించేదట. 2023 ఆగస్టు 5 రాత్రి అది తగలబడింది. రెండు రోజులు తిరక్కుండా మిగిలిన గోడల్ని యంత్రం పెట్టి నేలమట్టం చేశారు. రక్షిత కట్టడాల జాబితాలో దాని పేరు లేదు. జనం ఊరుకోలేదు. ఆ చుట్టుపక్కలవాళ్లు వచ్చి పోగుపడిన ఇటుకల ముందు నిలబడ్డారు. 2024లో స్థానిక కౌన్సిల్ ఆ యజమానులకు నోటీసు ఇచ్చింది, ఇంటిని మళ్లీ ఉన్నట్టుగానే కట్టి తీరాలని. అది బారే అయితే ఇటుకల కోసం ఎవరొచ్చేవారు?

మా తాత కట్టిన మండువా ఇల్లు ఇప్పుడు లేదు. 1998లో అన్నదమ్ములం కూర్చుని, పంపకాలు తేలక, కూల్చడానికి ఒప్పుకున్నాం. దూలాలు అడితికి వెళ్లాయి. ఆ ఇంటి నక్ష గీసి ఉంచుకోవాలని నాకు తోచలేదు. ఊళ్లో అందరి ఇళ్లకూ గీశాను.

మండువా గుర్తొచ్చిన రాత్రే ఈ పని మొదలుపెట్టాను. ఫ్లీస్ ముందుభాగాన్ని పెన్సిలుతో గీశాను. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. గుమ్మం ఎత్తు నా భుజంతో కొలిచాను, కిటికీ వెడల్పు జానలతో. నిలువు దుంగల లెక్క సరిగానే ఉంటుంది, ఒరిగిన చోట ఒరిగినట్టే గీశాను, దిద్దలేదు. స్థలం ఉంటే ఈసారి ఆ ఫొటోకు బదులు దీన్ని వేయండి. కింద ఏదైనా రాయవలసి వస్తే ఊరి పేరు, ఇంటి పేరు రాస్తే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్,
అమలాపురం (ప్రస్తుతం బర్మింగ్‌హామ్)